గత సమావేశం నుంచి మిగిలినవి

మూడు నెలలకోసారి, గురువారం సాయంత్రం ఆరున్నరకి
హాలో రోడ్డు లైబ్రరీలో, పిల్లల పుస్తకాల మూల
చిట్టి కుర్చీల్లో పెద్దవాళ్లం సర్దుకుంటాం.
మోకాళ్లు గడ్డాలకి తగులుతుంటాయి.
వార్డు పోలీసుల్ని అడిగే కమిటీ మాది.
మినిట్స్ నేను రాస్తాను, పదకొండేళ్లుగా.
బస్సు డిపోలో లెక్కలు రాసిన చెయ్యి, ఊరుకోదు.

హాజరు:
ఒకప్పుడు రెండు పేజీలు నిండేది.
ఈసారి ఏడు పేర్లు.
ఎనిమిదోది హీటరు పక్కన కునుకు తీసే ఎర్నెస్ట్ పిల్లింగ్‌ది.
ఇంట్లో చలికి ఆగలేక వస్తాడు,
ఓటు మాత్రం మెలకువగానే వేస్తాడు.

ఇన్స్‌పెక్టరు కొత్తాయన.
ఈ ఏడాదికి మూడో కొత్తాయన.
గోడ మీద ఒక గీత చూపించాడు, కిందికి దిగే గీత.
"ఫిర్యాదులు తగ్గాయి" అన్నాడు,
అప్పు తీర్చేస్తానని చెప్పేవాడి గొంతుతో.

విన్నీ ఆగ్డెన్ చెయ్యెత్తింది.
ఎనభై రెండేళ్లు, చేతిసంచిలో ఎప్పుడూ టార్చి.
"నాయనా, నా గేటు విరగ్గొట్టారని ఫోను చేశాను.
నలభై నిమిషాలు సంగీతం వినిపించారు.
టీ చల్లారిపోయింది, పెట్టేశాను.
ఆ గీతలో నేనెక్కడున్నాను?"

ఎవరూ మాట్లాడకపోతే తనే అంది:
"పోలీసులు తగ్గారు, నేరాలూ తగ్గాయి.
మొత్తానికే మానేస్తే ఈ వార్డు స్వర్గమైపోదూ!"
అందరం నవ్వాం, ఇన్స్‌పెక్టరు కూడా.
మినిట్స్‌లో నవ్వుకి చోటు లేదు.
"సభ్యులు గణాంకాలపై వివరణ కోరారు" అని రాశాను.

బడ్జెట్:
ఇకపై మూడు వార్డులకి ఒకే కానిస్టేబులు.
సైకిలు ఉంది. టైర్ల డబ్బు వచ్చే ఏప్రిల్లో.
మార్షా టిండల్ ఉద్యోగం రద్దు.
దానికి వాళ్లు పెట్టిన పేరు పునర్వ్యవస్థీకరణ.
అంత పొడుగు మాటలో
మనిషి ఎక్కడ జారిపోయిందో కనిపించదు.
మార్షాకి లాఠీ లేదు, అరెస్టు చేసే హక్కు లేదు.
ఉన్నదల్లా పసుపు కోటు, జ్ఞాపకం.
ఏ కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో శనివారం రాత్రి
గిన్నెలు గోడకి తగులుతాయో,
ఏ పిల్లాడు ఆకలేసి కొట్లో చెయ్యి పెట్టాడో.
వాడికి శాండ్‌విచ్ కొనిచ్చి, కొట్టువాడికి సర్దిచెప్పి
ఏ రిజిస్టర్లోనూ ఎక్కించలేదు.
రాయనిదాన్ని కొట్టేయడం సులువు.

హోదాన్ వార్సమే ఎప్పుడూ చివర లేస్తుంది.
బేకరీలో రాత్రి డ్యూటీ, కోటు విప్పదు.
"మా లిబాన్‌ని నాలుగుసార్లు ఆపి వెతికారు.
పదహారేళ్లవాడు. నాలుగుసార్లూ జేబులో
ఇంటి తాళంచెవి, ఇన్‌హేలరు.
పోలీసులే లేరంటున్నారు కదా,
నా కొడుక్కి మాత్రం ఎలా దొరుకుతున్నారు?"

హీటరు టిక్కుమంది.
ఎర్నెస్ట్ కళ్లు తెరవకుండానే అన్నాడు:
"పోయినసారీ అడిగింది."

పేజీలు తిప్పాను. నిజమే. అంతకు ముందుసారి కూడా.
అదే వాక్యం, నా దస్తూరీలోనే.
'బాధ్యులు' అన్న గడిలో రెండు పేర్లు,
రెండిటికీ అడ్డగీత.
గత సమావేశం నుంచి మిగిలినవి అని
ఎంత శుభ్రంగా మోసుకొచ్చానో!

"కనుక్కుని చెప్తాను" అన్నాడు కొత్తాయన.
రాయలేదు. కలం బల్ల మీద పెట్టాను.
"ఎప్పటికి?" అన్నాను.
మినిట్స్ రాసేవాడు అడగకూడదు, తెలుసు.
ఆయన ఫోను చూశాడు, గీత చూశాడు,
హోదాన్ని చూడలేక చూశాడు.
సరిగ్గా అప్పుడే దీపాలు ఆరాయి.
పొదుపు కోసం ఎనిమిదింటికి వాటంతటవే ఆరిపోతాయి.

విన్నీ టార్చి వేసింది.
ఆ గుండ్రటి వెలుగులో ఒక పేరు, ఒక తారీఖు.
"పద్నాలుగు. నాలుగు రికార్డులూ మీ ఇంటికే పంపుతాను."

ఇవాళ పదమూడు.
మధ్యాహ్నం కానిస్టేబులు మా సందు మలుపు తిరిగాడు,
గాలి లేని సైకిలు తోసుకుంటూ, వానలో.
హ్యాండిలుకి ఒక సంచి వేలాడుతోంది.
అందులో కాగితాలున్నాయో, వాడి భోజనమో
కిటికీలోంచి తెలియలేదు.