లాభంతో మొదలైన లెక్క

మున్సిపల్ గ్రౌండులో ట్యూబ్‌లైట్ల కింద
రెండోసారి తలపడినాం, నేనూ మౌలాలీ.
మొదటిసారి వాడు గెల్చినాడు, దాంట్లో పేచీ లేదు.

నాలుగో రౌండులో నా ఎడంచెయ్యి
వాని దవడ మీద యాడ తగిలిందో మెటికలకు ఇంకా గుర్తు.
తొంభైయారు కిలోల మనిషి
గోతాం జారినట్టు కూలబడినాడు.
నేను తెల్లమూలకు పోయి తాడు పట్టుకొని నిలబడినా,
రూలు ప్రకారం.

రెఫరీ సుంకన్న. పగలు ఆదోని మార్కెట్ యార్డులో
చెనిక్కాయలు కొలిచే మనిషి.
వంగి, వేలు చాపి,
ముప్పైయేండ్ల అలవాటు కొద్దీ
"లాభం" అనేసినాడు.

గ్రౌండు గ్రౌండంతా నవ్వింది.
సుంకన్న గుటక మింగి, మొగం తుడుచుకొని,
మళ్ళా మొదట్నుంచి:
ఒకటి.

తొమ్మిదికి లేసినాడు మౌలాలి.
ఆరో రౌండులో నేను పడితే
లెక్క ఒకటితోనే మొదలైంది,
పదికి సరిగ్గా ముగిసింది.

వాచీలో పదమూడు సెకన్లని టైంకీపర్ జయశీలుడు
సచ్చేదాకా చెప్పినాడు.
టీ అంగళ్ళలో గ్లాసులు పగిలినాయి.
లాభమంటే ఒకటే గదా అని నా పక్షం,
లాభాన్ని లెక్కలో కలుపుతారా అని వాళ్ళు.

మొన్న కంటి ఆసుపత్రి వరండాలో ఇద్దరం,
చెరో కంటికి కట్టు. అడిగేసినా.
"ఏమీ ఇనపళ్ళేదన్నా, అంతా చీకటి.
ఆ ఒక్క మాటకి మాత్రం నవ్వొచ్చింది.
నవ్వు ఆపుకోలేక కండ్లు తెరిస్తి."

యార్డుకు పోతే ఇప్పటికీ
మొదటి శేరు దగ్గర తల తిప్పుకుంటా.
రెండు, మూడు...
ఆడ్నించి నాకేం బాధ లేదు.