టేపు ముక్క

వల్పరాయిసోలో మనుషుల్ని కొండ మీదికి లాగే రైలుపెట్టె
ఆ రోజు చెడిపోయింది.
మెట్లు లెక్కపెట్టడం రెండొందల దగ్గర మానేశాను.
సంచిలో మూడు పేజీల ప్రశ్నలు,
అరచేతంత కెమెరా, మర్యాదకి ఒక కేకు.
ఏడో ఇల్లు. రేకు గోడలకి ఆవపిండి రంగు.
గుమ్మంలో ఎవరిదీ కాని కుక్క
నన్ను వాసన చూసి, పనికిరానని తేల్చుకుని, పడుకుంది.

దోన్యా ఎదువీనా టీ పోసింది.
రొట్టె విరిచి అవకాడో మెదిపి పూసింది.
"మా బీపీ మిషన్ ఎలా ఉందండీ?"
"బాగుందమ్మా. చాలా బాగుంది."
"ఇబ్బంది ఏమైనా?"
"అబ్బే, ఏం లేదు."
ఆరిళ్లలోనూ ఇదే మాట.
మొహమాటం ఏ దేశంలోనైనా ఇలాగే తలూపుతుంది.

కాగితాలు మడిచి కుర్చీ కింద పెట్టాను.
"రోజూ చూసినట్టే ఒకసారి చూడండి.
నేనిక్కడ లేననుకోండి."

రొట్టెల డబ్బాలోంచి తీసింది మిషన్ని.
తెర మీద నీలం టేపు ముక్క,
గోటితో ఎత్తీ ఎత్తీ ఒక మూల నలిగిపోయింది.

కిటికీ పక్కన ఎర్మోహెనెస్,
ముప్పై ఒక్క ఏళ్లు ఓడరేవు క్రేన్లో కూర్చున్న మనిషి,
ఇప్పుడు ఓడల్ని ఊరికే చూస్తున్నాడు.
ఆమె పట్టీ చుట్టింది. మిషన్ బుసకొట్టింది.
పట్టీ ఇంకో రెండు వేళ్లు పైకి ఉండాలని
నా నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
మా పనిలో మొదటి పాఠం నోరు కట్టుకోవడం,
పదకొండేళ్లైనా నాకు పట్టుబడనిదీ అదే.

టేపు మూల ఎత్తి, తనొక్కతే తొంగి చూసి,
కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాసుకుంది:
నూట అరవై నాలుగు.
పైకి మాత్రం, "నూట నలభై. ఫర్వాలేదు" అంది.
అతని పిడికిలి కుర్చీ చేతిని వదిలింది.

వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున చెప్పింది:
"క్రేన్లో ఎర్రలైటు వెలిగిందంటే
బరువు కింద మనిషున్నాడని అర్థమట.
ఇదీ ఎర్రగానే వెలుగుతుంది కదా.
మొదటి రోజు చూసి దిగ్గున లేచాడమ్మా,
లేచి కిందికి చూశాడు, నేల వైపు.
టేపు అంటించానని ఏమీ అనుకోకు.
తప్పు మిషన్‌ది కాదు."

ఆ ఎరుపు నాది.
శాంతియాగో ఆఫీసులో నాలుగు వారాలు వాదించి నెగ్గాను:
"ఎరుపైతే చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది."
అర్థమైంది మరి.

నివేదికలో ఆమెకి పేరుండదు.
"పాల్గొన్నవారు, ఏడు." అంతే.
అద్దాల గదిలో లౌతారో అడిగాడు:
"ఎంతమంది అన్నారిలా?"
"ఒకరు."
"ఒక్క టేపు ముక్కకి తెరంతా మార్చమంటావా?"
నా దగ్గర జవాబు లేదు, టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి పాత వీడియోలు మళ్లీ వేశాను.
మూడో ఇల్లు. మిషన్ గోడ వైపు తిరిగి ఉంది.
పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి
దాన్ని కెమెరా వైపు తిప్పింది.
ఆ గడియారం నాదే.
ఐదో ఇంట్లో దాని మీద చేతిరుమాలు,
దుమ్ము పడకుండా కప్పారనుకున్నాను అప్పుడు.
నేనే తీసి మడతపెట్టాను,
శుభ్రంగా, నాలుగు మడతలు.
వాళ్లు చెప్పకపోవడమేం లేదు.
చెప్పినదాన్ని నేనే సర్దేశాను.

ఇప్పుడు ఎరుపు లేదు. అంకెలు బూడిదరంగు.
మూత ఎత్తినవాళ్లకే కనబడతాయి.
కొత్తది పట్టుకుని మళ్లీ మెట్లెక్కాను,
రైలుపెట్టె ఇంకా బాగుపడలేదు.
కుక్క నన్ను గుర్తుపట్టలేదు.

ఎదువీనా పట్టీ చుట్టింది, మూత ఎత్తింది, చూసింది,
బిల్లు వెనక రాసుకుంది: నూట యాభై ఎనిమిది.
"నూట ముప్పై ఎనిమిది," అంది పైకి,
కిటికీలోంచి ఓడ కూత వినబడుతుండగా.

ఆ తేడా ఈసారి నా కాగితంలో రాయలేదు.
ఆ ఇరవై
మా మిషన్ చెయ్యాల్సిన పని కాదు.