ఆదిత్యవారం పొట్లం

టి.నగర్‌లో నేలకింద రెండో అంతస్తు మాది.
పట్టు పైన, కాటన్ మధ్యన,
అడుగున మేం: లోపావడాలు, లైనింగులు, ఫాల్సులు.
పద్దెనిమిదేళ్ళుగా
ట్యూబులైటు కింద మామిడిపండు రంగు పరిచి
"బయట ఎండలో ఇంకా బాగుంటుందమ్మా" అంటున్నాను,
ఎండలో దాన్ని ఒక్కసారీ చూడకుండానే.

దీపావళి రద్దీలో స్టూలు మీంచి జారితే
ఎడమ మణికట్టు
అప్పడంలా పటుక్కుమంది.
కూర్చునే హక్కు చట్టమై వచ్చిందన్నారు గాని
తొమ్మిదిమందికి ఆ స్టూలు ఒక్కటే.
నేను దానిమీద కూర్చోనైనా లేదు, ఎక్కాను,
పై అరలో నెమలికంఠం రంగు లైనింగు కోసం.

డాక్టర్ మెహరున్నీసా కాగితం చూసి నవ్వింది.
"ఏం ఊరమ్మా ఇది! తారు కరిగే ఎండ,
నీ రక్తంలో డి తొమ్మిది."
తొమ్మిది. బోణీకి కూడా పనికిరాని అంకె.
నల్లబడితే సంబంధాలు రావని
పదిహేనేళ్ళప్పుడు అమ్మ గొడుగు పట్టించేది.
ఆ బాకీ ఇప్పుడు వడ్డీతో అడుగుతున్నారు.

వారానికో పొట్లం రాసింది, ఎనిమిది వారాలు.
దాంతోపాటు రోజూ చిన్న బిళ్ళ, కె.
మందుల షాపు నందగోపాల్ విడమరిచాడు:
"అక్కా, డి సున్నాన్ని గుమ్మం దాకా తెస్తుంది.
ఎటు పోవాలో కె చెబుతుంది.
ఎముకల్లోకి పో, నరాల్లో పేరుకోకు అని."
వెంటనే అర్థమైంది నాకు.
మా ఫ్లోర్ సూపర్‌వైజర్ పనే.
సంచీతో బిత్తరచూపులు చూసేవాళ్ళని
"పట్టా? మేడమీద. లైనింగా? కిందికి."
అతను సెలవు పెట్టిన రోజు
జనమంతా మెట్లమీదే ఇరుక్కుంటారు.

ఇంట్లో మాత్రం కె పేరెత్తకూడదు.
మా ఆయన గుండెలో లోహపు కవాటం.
రాత్రి పక్కన పడుకుంటే టిక్కుటిక్కుమంటుంది,
గోడగడియారం అక్కర్లేని ఇల్లు.
సెంట్రల్ ఎదుట పార్కింగ్ చీటీలిచ్చే మనిషి,
మెడ మాడిన అట్టు. నా వాటా ఎండ కూడా ఆయనకే పడింది.
ఆయన రక్తం పల్చగా పారాలి.
నన్ను గట్టిపరిచేది
ఆయన మందుని మొద్దుబారుస్తుందట.
ముప్పయ్యేళ్ళ కాపరంలో ఉప్పూకారం దగ్గర కూడా
ఇంత పేచీ రాలేదు మాకు.

అందుకే కొలత.
ఆకుకూర రోజూ ఒకే గిన్నెడు.
ఎక్కువ కాదు, మానెయ్యడమూ కాదు,
నెలనెలా రక్తపరీక్ష కాగితం లెక్క అడుగుతుంది.
నా బిళ్ళలు పాత పసుపు డబ్బాలో, ఆయనవి ఇంగువ డబ్బాలో.
కరెంటు పోయిన ఓ రాత్రి
నా డబ్బా మూత తీస్తున్న చప్పుడు విని
లేచిన వేగానికి మణికట్టు గుర్తే రాలేదు.
"వాసన చూస్తున్నా" అన్నాడు దామోదరం,
"పసుపు వాసన రావట్లేదే అని."
చీకట్లో నవ్వుకున్నాం, టిక్కుటిక్కు మధ్యన.
మర్నాడు డబ్బా షాపులో నా లాకర్‌కి చేరింది.

అక్కడ శెల్వి క్యారియర్లో మునగాకు వేపుడు.
పొరుగింటి పుల్లకూర రుచి అంటారు.
నాది రుచి కాదు, మందు.
అయినా రెండోసారి అడుగుతాను.

ఆదివారం పొట్లం చింపి పాలల్లో కలుపుతాను.
ఆదిత్యుడి వారం కదా.
చెంచాడు తెల్లపొడి, నారింజ వాసన నటిస్తూ.
రథసప్తమికి అమ్మ
చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి ఆయన్ని పిలిచేది.
నేను గ్లాసులో గిరగిరా తిప్పి మింగేస్తున్నాను.

మొన్న పదకొండున్నరకి సూపర్‌వైజర్ని అడిగాను,
"పది నిమిషాలు వెయిల్ కావాలి సార్."
"టీకైతే పో" అన్నాడు.
టీ తీసుకుని, తాగకుండా,
రంగనాథన్ వీధి పక్కసందులో నిలబడ్డాను.
రెండు షాపుల గోడల నడుమ
ఎండ సన్నపన్నా గుడ్డలా పడి ఉంది.
అలవాటు చొప్పున చేత్తో కొలిచాను.
మూర, జాన, బెత్తెడు.
జాకెట్టుకి కూడా చాలదు.
చెయ్యి మాత్రం
అందులోంచి తీయబుద్ధి కాలేదు.
టీ మీద మీగడ కట్టింది.