ఉప్పు తగిలిందా?

పదకొండేళ్లు నా ఎడమ కన్ను
పండగకీ చావుకీ తేడా తెలీకుండా కారింది.
కాశీబుగ్గ జీడిపిక్కల ఫ్యాక్టరీలో
పప్పు ఏరే బల్ల దగ్గర
మేస్త్రి ఆగి అడిగేవాడు,
"ఏటైనాదే దాలమ్మా, ఇంట్లో మళ్లీ గొడవేటి?"
గొడవా లేదు, ఏటీ లేదు.
ముక్కు పక్కన ఒక కాలవ పూడిపోయింది, అంతే.

మరిది పెళ్లిలో తలంబ్రాల దగ్గర కొంగుతో తుడుచుకుంటే
ఓర్వలేనిదన్నారు.
అత్త పోయిన రోజు మాత్రం
"అత్తంటే ఎంత పేనమో దీనికి" అని మెచ్చుకున్నారు.
ఆ రోజు నాకు నిజంగా ఏడుపు రాలేదు.

శ్రీకాకుళం కంటాసుపత్రిలో
ఎముకకి చిల్లు పెట్టి కొత్త దారి తీశారు.
అది మూసుకుపోకుండా
గాలం దారమంత గొట్టం ఒకటి
కంటి మూల నుంచి ముక్కులోకి.
మూడు నెలలు ఉండాలట.
ముక్కు చీదకూడదు.
తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.
వేడి టీ వద్దు, వంగి బిందె ఎత్తొద్దు.
నేనెత్తకపోతే ఎవరెత్తుతారో
చీటీలో రాయలేదు.

మొదటి రాత్రి దిండు మీద రెండు రక్తపు చుక్కలు.
కూర్చున్నట్టే పడుకుని
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.
మూడే. మళ్లీ లెక్కపెట్టాను.
పక్క మంచం మీద జలుమూరు గున్నమ్మ,
ఆపరేషన్‌కి రావడం రెండోసారి.
"పదిమందిలో ఒకలికి మళ్లీ పూడుతాదంట,
ఆ ఒకర్తినీ నానే" అని
నోరు తెరిచే నవ్వింది.

మూడో నెలలో గొట్టం లాగేశారు,
ముక్కులోంచి వానపాము జారినట్టు.
మొద్దు సూది సిరంజీతో డాక్టరమ్మ
కంటి మూలలో నీళ్లు వదిలి
"గొంతులో ఉప్పు తగిలిందా?" అంది.

తగిలింది.
నాలిక వెనకాల, చల్లగా,
భావనపాడు గాలంత ఉప్పు.
కన్నీళ్లు దిగమింగుకోవడమంటే
మాటవరసకి అన్నది కాదన్నమాట.
మా బల్ల చుట్టూ ఆడాళ్లందరూ
పప్పు ఏరుతూ, గుండు వేరు, బద్ద వేరు చేస్తూ
పొద్దస్తమానం చేసే పనే.
నా ఒక్కదానిదే
లోపలికి దారి లేక అందరికీ కనబడింది.

మచ్చ, ముక్కు పక్కన
జీడిబద్దలా వంకర తిరిగి ఉంది.
శనివారం అరరోజు కూలి కోశారు.
మేస్త్రి నా ముఖం చూశాడు,
ఏమీ అడగలేదు.

మొన్న గున్నమ్మ ఫోను చేసింది.
తనకి ఉప్పు తగల్లేదంట.
"పోన్లేయే, నాది బయటికే పోనీ" అంది.
ఫోను పెట్టేసి
కొంగుతో కన్ను తుడుచుకున్నాను.
పొడిగానే ఉంది.
చేతికే ఇంకా తెలీదు.