నలభై పైసలు

ఉద్యోగం మానేసి వచ్చిన రోజు
అమ్మ చేతిలో ఒక అట్టపెట్టె.
అందులో కాఫీ కప్పు, వాడిపోయిన మనీ ప్లాంటు,
నేను మూడో క్లాసులో గీసిచ్చిన ఏనుగు,
పదకొండేళ్ళు.

నాన్న ఆ పెట్టెని తిరగేసి
అడుగున గోటితో గీకి చూశాడు.
"మూడు పొరలే. మనమైతే ఐదు వేస్తాం."
అప్పటికి ఆయన మానేసి నెల.

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ ఖాళీ చేసి
పటమటలో దిగాం.
ఆటోనగర్‌లో రేకుల షెడ్డు.
ఇటు లారీలకి బాడీ కట్టేవాళ్ళు,
అటు రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్ళు,
మధ్యలో మా సెకండ్‌హ్యాండ్ మిషను,
కోయంబత్తూరు నుంచి వచ్చింది,
మూలిగితే తమిళంలోనే మూలుగుతుంది.

తొమ్మిదో అంతస్తు ఏసీలో పనిచేసిన మనిషి
బనీను మీద నిలబడి మైదా జిగురు కలుపుతుంటే
కొత్త స్కూల్లో ఎవరికీ చెప్పలేదు నేను.
"మా నాన్నగారు ప్యాకేజింగ్‌లో ఉన్నారు" అన్నాను.
అబద్ధం కాదుగా.

రెండో వారంలో మస్తానమ్మ వచ్చింది.
అమ్మ మడతలు చూసి నవ్వు ఆపుకోలేదు.
"అట్టని బతిమాలకూడదు మేడమ్,
గీత ఎక్కడుందో చూసుకుని ఒక్కటే దెబ్బ."
నలభై మందికి రేటింగులు రాసిన అమ్మ
సాయంత్రానికి ముప్ఫై పెట్టెలు పాడుచేసి
ముప్ఫై ఒకటోదాన్ని
ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసుకుంది.

మొదటి ఆర్డరు గవర్నర్‌పేట మిఠాయి కొట్టుది, రెండు వేలు.
'నేతి కాజాలు' అని అచ్చు వేయాలి.
'నేతి కాజలు' అని పడింది.
కొట్టాయన పెట్టె ఎత్తి చూపించి
"దీర్ఘం ఎవరు తిన్నారండీ?" అన్నాడు.
రెండు వేలూ ఇంటికొచ్చేశాయి.
ఇప్పుడు మా ఉల్లిపాయలు నేతి కాజల్లో ఉంటాయి,
తమ్ముడి సాక్సులు, నా ఫిజిక్సు నోట్సు, కరెంటు బిల్లులు,
అమ్మ గాజుల తాకట్టు రసీదు.
రసీదున్న పెట్టె ఏదో నాకు తెలుసు.
నాకు తెలుసని వాళ్ళకి తెలీదు.

వాన మబ్బు పడితే అందరిళ్ళలో పకోడీలు,
మా ఇంట్లో టార్పాలిన్లు.

ఏప్రిల్‌లో, నున్న మామిడి మార్కెట్లో
షావుకారు పెట్టెకి నలభై పైసలు తగ్గించమన్నాడు.
ఒకప్పుడు కోట్లని మౌస్‌తో అటూ ఇటూ జరిపిన నాన్న
నలభై పైసల దగ్గర
గంటన్నర నిలబడ్డాడు ఎండలో.
ఇరవై వేల పెట్టెలు. ఎనిమిది వేల రూపాయలు.
ఆఖరికి పాతిక పైసల దగ్గర తెగింది.
"గెలిచామా, ఓడామా?" అంది అమ్మ
మజ్జిగన్నం దగ్గర.
"లెక్కేసి చెప్తా" అన్నాడు నాన్న.
ఇంతవరకూ చెప్పలేదు.

అమ్మ ఐడీ కార్డు తాడుకి ఇప్పుడు షెడ్డు తాళాలు.
అదే నీలం తాడు, కంపెనీ పేరు సగం చెరిగిపోయి,
ఆదివారం కూడా మెడలోనే.
"వెనక్కి వెళ్ళిపోదామా?" అన్న మాట
గోడ అవతల నుంచి ఒక్కసారే విన్నాను.
ఎవరన్నారో పోల్చుకోలేకపోయాను,
అర్ధరాత్రి దాటాక ఇద్దరి గొంతూ ఒకటే.

అప్పట్లో ఒకటో తారీఖు పొద్దున్నే
అమ్మ ఫోను టింగుమనేది.
ఆ పూట టిఫిను హోటల్నుంచి.
ఇప్పుడు మోగదు.
షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని
అమ్మే ఒక్కొక్కరికీ నొక్కుతుంది,
వలీకి, ట్రాలీ తోలే ఏసుబాబుకి, మస్తానమ్మకి.
నొక్కి, తలెత్తి, ఆగుతుంది.
మిషను కూడా ఆపించేస్తుంది.
రేకుల మీద కాకి నడక వినిపిస్తుంది.

మస్తానమ్మ బొడ్డు సంచిలోంచి
టింగ్.

"వచ్చిందా?"

"వచ్చిందిలే మేడమ్,
ముందు మిషను వెయ్యమనండి,
మధ్యాహ్నం బండికి సరుకు ఎక్కాలి."