తీసేసిన గేటు

చిత్తూరు డిగ్రీ కాలేజీ, మూడో గంట.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు.
"సరిహద్దుని ఎవరు చేశారు?" అని బోర్డు మీద రాశాను.
ముందు బెంచీ అంది: బ్రిటిషోళ్ళు.
కిటికీ పక్క బెంచీ అంది: సర్వేయరు.
గుడిపాల నుంచి బస్సులో వచ్చే హేమాద్రి మాత్రం
"మా నాయిన, మేడం" అన్నాడు.

నవ్వారు. నేనూ నవ్వాను, ముందుగా.

వాళ్ళ నాయిన చెంగల్రాయుడు
వేలూరు రోడ్డులో గేటు ఎత్తేవాడు, దించేవాడు.
ఒక వెదురు బొంగు, దానికి ఎరుపూ తెలుపూ,
ఒక కొసన సిమెంటు నింపిన నూనె డబ్బా.
అంతే.
అటు అరవం, ఇటు తెలుగు అన్నారు గానీ
అటు పొన్నుసామి అంగట్లో తెలుగులోనే తిట్టుకునేవాళ్ళు,
ఇటు మన సంతలో అరవంలోనే బేరమాడేవాళ్ళు.

గేటు తీసేసి ఏళ్ళయింది.
బొంగును ఎవరో పందిరికి పట్టుకుపోయారు,
దాని మీద కాకర తీగ పాకి రెండు కాపులు కాసింది.
అయినా తోతాపురి లోడుతో వచ్చే లారీ
ఆ చోటికి రాగానే నిదానిస్తుంది.
డ్రైవరు జేబు తడుముకుంటాడు.
గేటును ఎన్నడూ చూడని క్లీనరు కుర్రాడు
తల బయటపెట్టి చూస్తాడు,
దేన్నో.

పుస్తకంలో దీనికి నిర్మాణవాదం అని పేరు,
పరీక్షలో పది మార్కులు.
పుస్తకం మూసి ఇట్లా చెప్పాను:
పక్కింటి కన్నెమ్మ కొడవలి పట్టుకొస్తే
"గడ్డికి పోతా ఉండావా?" అని అడుగుతాం.
ముక్కూ మొహం తెలియని మనిషి చేతికర్రతో వస్తే
గడియ పెట్టుకుంటాం.
పదునుదేముంది?
దేశాలు కూడా ఒకదాని చేతిలోది ఒకటి చూసే ముందు
మొహం చూస్తాయి.
ఆ మొహం ఎన్నో ఏళ్ళుగా తామే గీసుకున్నది.

"మనం గీసిందే గదా మేడం,
చెరిపేస్తే పోదా?"

డస్టరు నా చేతిలోనే ఉంది.
హేమాద్రే అన్నాడు, మెల్లిగా:
"రాత్రిళ్ళు దూరంగా హారన్ మోగితే
మా నాయిన కుడిచెయ్యి నిద్రలోనే పైకి లేస్తాది.
మాయమ్మ పట్టుకుని దించుతాది."

బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు కాసేపు.

సాయంత్రం వేలూరు బస్సెక్కాను, చెల్లెలింటికి.
పందిరి దాటింది, కాకర పూలు దాటాయి,
బస్సు ఆగలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.
ఒళ్ళో బ్యాగు తెరిచి ఉంది,
చేతిలో నా గుర్తింపు కార్డు.