పాచి

ముప్పై రెండేళ్ళు మద్రాసు మిద్దెల మీద
నీళ్ళ ట్యాంకుల్లోకి దిగి పాచి గీకాను.
కొబ్బరిపీచు, బ్లీచింగు పొడి, నడుముకి తాడు.
కొరుక్కుపేట నుంచి కీల్పాక్ దాకా
నేను కడగని తొట్టి తక్కువ.
కింద ఫ్లాట్లలో మా చెంగమ్మది పాచిపని,
పైన నాది పాచి పని.
ఒకటే మాట, రెండు కూలీలు అని నవ్వుకునేవాళ్ళం.

మొదట రేచీకటి.
తర్వాత పగలు కూడా అంచుల నుంచి మడుచుకుంటూ వచ్చింది.
చివరికి గొట్టంలోంచి చూసినంత లోకం మిగిలింది,
ఒక నవంబరు వానలో అదీ పోయింది.

డాక్టరు ఇన్బవల్లి తమిళం కలిపిన తెలుగులో చెప్పింది:
"వెలుతురు పట్టే కణాలు పోయినై, పెంచలయ్యా.
వాటి వెనక కబురు మోసేవి బతికే ఉండాయి,
ఇన్నేళ్ళుగా వట్టిచేతులతో నిలబడి.
మెట్రో వాటర్ లారీ తెలుసు గదా,
రోగం దించేసిన వైరస్సు అట్లాంటిది.
ఒక జన్యువుని ఎక్కించుకుని
కణం గుమ్మం దాకా పోయి దించుతుంది.
అప్పుడా కణం ఒక ప్రొటీన్ తయారుచేసుకుంటుంది,
వెలుగు తగిలితే తెరుచుకునే తలుపు."

"ఎవరిదమ్మా ఆ జన్యువు?"
ఆమె కాసేపు ఆగింది.
"పాచిది."

నేను నవ్విన నవ్వుకి నర్సు పరిగెత్తుకొచ్చింది.

ఆ రాత్రి అయనావరంలో ఒక నల్ల ట్యాంకు గుర్తొచ్చింది.
మూత బీటిచ్చింది. లోపలంతా చీకటి.
అడుగున మాత్రం ఆ బీట ఎంత వంకరో
అంతే వంకరగా, పచ్చగా ఒక గీత.
తల లేదు దానికి, కన్ను లేదు.
ఎండ పడే చోటు ఎవరు చెప్పారు?
అప్పుడు అడగలేదు. గీకేశాను.
రెండొందలు ఇచ్చారు.

సూది కంట్లోకి దిగేటప్పుడు
పట్టుకున్న చెయ్యి బ్లీచింగు వాసనేసింది.
నాదో, చెంగమ్మదో.

నాలుగు నెలలు ఏమీ లేదు.
పాచి పట్టడానికి టైం పడుతుంది, నాకంటే ఎవరికి తెలుసు.
తర్వాత అద్దాలు పెట్టారు, బరువుగా, ముందొక కెమెరా.
లోకాన్ని తేనెరంగు వెలుగు చేసి కంట్లోకి కొడుతుందట.
మొదటిరోజు ఒక వణుకు, అంతే,
ట్యాంకు అడుగున ఎండ కదిలినట్టు.
తల తిప్పితే వస్తుంది, ఆపితే పోతుంది.
తెల్ల బల్ల మీద నల్ల గ్లాసు పట్టుకోమన్నారు.
పదిసార్లలో ఆరుసార్లు గాలిని పట్టుకున్నాను.

రంగుల్లేవు. ముఖాల్లేవు.
చెంగమ్మ ఎదురుగా నిలబడి "ఎట్టుండా?" అంది.
"నిలువుగా ఉండావు."
"ఇన్నాళ్ళకి ఒకటి సరిగ్గా చెప్పినావు."

ఇప్పుడు పొద్దున్నే పాచిమొహంతోనే అద్దాలు పెట్టుకుంటాను.
కడుక్కోమని తిడుతుంది.
కడిగితే పోతుందేమోనని భయం. చెప్పను.

మా వాటాకి పదకొండు మెట్లు.
నలుపు మీద తెలుపైతే నాకు తెలుస్తుందని
ఒక్కో మెట్టు అంచున ముగ్గుపిండి గీత గీసింది.
దిగుతున్నాను. ఒకటి, రెండు,
ఆరు.
ఏడో మెట్టుకి గీత లేదు.
ఆగాను, ఒక కాలు గాల్లో.

కింద నుంచి చెంగమ్మ:
"పిండి అయిపోయింది."

చూశాన్లే, అన్నాను.